కార్నెగీ సంపద సిద్ధాంతం – ఇమామ్ గజాలీ గీటురాయి

1889 జూన్‌లో అమెరికాలోని 'నార్త్ అమెరికన్ రివ్యూ' పత్రికలో ఆండ్రూ కార్నెగీ అనే ఉక్కు వ్యాపారి 'సంపద' అన్న శీర్షికతో ఒక వ్యాసం ప్రకటించాడు. ఇంగ్లాండులో దానిని పునర్ముద్రించిన 'పాల్ మాల్ గెజెట్' పత్రిక 'సంపద సువార్త' అని పేరు మార్చగా ఆ పేరే స్థిరపడిపోయింది. ఒక వర్తకుని వ్యాసానికి మతగ్రంథపు పేరు అతకడం సంపాదకుని చమత్కారమే కావచ్చు, కాని అసంగతం మాత్రం కాదు. నేటి మహాధనికుల దాతృత్వ సంస్థలు తమను తాము సమర్థించుకునే తర్కంలో అధికభాగం ఆ కొద్ది పుటల్లోనే ఉంది. దాతృత్వం అనగానే చేతులెత్తి కీర్తించడమో, ధనికుడనగానే దుమ్మెత్తిపోయడమో జరుగుతున్న ఈ రోజుల్లో ఆ వ్యాసాన్ని పక్షపాతం లేకుండా చదవవలసిన అవసరం ఉంది.

ముందుగా కార్నెగీకి చెందవలసిన న్యాయం అతనికి చెందాలి. అతడు పుట్టుకతో ధనికుడు కాడు. 1835లో స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్ పట్టణంలో ఒక చేనేత కార్మికుని ఇంట పుట్టాడు. ఆవిరి మగ్గాలు వచ్చి చేతిమగ్గాల పొట్టకొట్టగా ఆ కుటుంబం 1848లో అమెరికాకు వలసపోయింది. పదమూడేళ్ల ప్రాయంలో అతడు నూలుమిల్లులో కండెలు అందించే కుర్రవాడుగా వారానికి 1 డాలరు 20 సెంట్ల కూలికి కుదిరాడు. పనిచేసే పిల్లలకు తన సొంత పుస్తకాలను ఎరువిచ్చిన ఒక సహృదయుని వల్ల అతనికి చదువు అబ్బింది. తరువాతి కాలంలో ప్రపంచమంతటా 2,509 గ్రంథాలయ భవనాలకు ధనమివ్వడం వెనుక ఆ బాల్యస్మృతి ఉంది. 1901లో తన ఉక్కు కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మి, అందులో సుమారు 22.5 కోట్లు తన వాటాగా పొంది, 1919లో మరణించేనాటికి మొత్తం 35 కోట్ల డాలర్ల మేరకు పంచిపెట్టాడు. రాసిన మాటకు కట్టుబడిన మనిషి. సంపదను పోగేసుకొని చనిపోవడం సిగ్గుచేటని వ్యాసంలో రాసి, ఆ సిగ్గునుండి చాలావరకు తప్పించుకున్నాడు. చెప్పేదొకటి చేసేదొకటి అన్న విమర్శ అతనికి ఈ విషయంలో వర్తించదు. విమర్శకు తావు ఉన్నది అతని ఆచరణలోకన్నా ముందు అతని సిద్ధాంతంలో.

ఆ సిద్ధాంతం ఇది. సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడడం నాగరికతకు అనివార్యం, పైగా మేలు. అలా పోగుపడిన దానికి ధనికుడు యజమాని కాడు, సమాజం తరఫున ధర్మకర్త. వారసులకు వదిలితే వారు చెడిపోతారు. మరణానంతరం పంచమని వీలునామా రాస్తే అది వెంట తీసుకుపోలేక వదిలినట్టే అవుతుంది. కనుక జీవించి ఉండగానే, తన బుద్ధి కుశలతతో, ప్రజలకు నిజంగా ఏది మేలో తానే నిర్ణయించి ఖర్చు చేయాలి. అదే సంవత్సరం డిసెంబరులో రాసిన రెండవ వ్యాసంలో ఆ ఖర్చు పద్దులను వరుసగా పేర్కొన్నాడు: విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, ఆసుపత్రులు, ఉద్యానవనాలు, సభామందిరాలు, ఈతకొలనులు, చివరగా చర్చి భవనాలు. బిచ్చగానికి నాణెం వేయడం మాత్రం అతని దృష్టిలో దాదాపు నేరం. దానధర్మాల పేర ఖర్చయ్యే ప్రతి వెయ్యి డాలర్లలో 950 వృథా అని అతని అంచనా. ఈ లెక్క ఎక్కడిదో అతడు చెప్పలేదు.

ఈ వరుసలో అన్నింటికన్నా ముఖ్యమైన వాక్యాన్ని పాఠకులు తరచుగా దాటిపోతారు. ఒకేచోట పోగైన పెద్ద మొత్తంతో ఒక ప్రజాసంస్థను నిర్మిస్తే పేదలకు కలిగే లాభం, అదే ధనాన్ని ఏళ్ల తరబడి చిన్నచిన్న మొత్తాలుగా వారికే పంచితే కలగదని, అలా పంచితే అది తిండికీ అదనపు భోగాలకూ కరిగిపోతుందని కార్నెగీ వాదం. చిన్నచిన్న మొత్తాలుగా ఏళ్ల తరబడి పేదలకు అందేది ఏమిటి? బిచ్చం ఒక్కటే కాదు, కూలి కూడా! కార్మికుని కూలిలో నుండి మిగిల్చిన ధనం కార్మికునికి గ్రంథాలయంగా తిరిగి రావడమే అతనికి ఎక్కువ శ్రేయస్కరమన్న నిర్ణయం ఈ వాక్యంలో ఇమిడి ఉంది. ఆ నిర్ణయం చేసినవాడు కార్మికుడు కాడు.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక చిక్కు ఉంది. తెలుగులో 'దానం' అన్న పదం దాతను కేంద్రంగా చేసుకొన్నది. దానం ఇచ్చినవాడు గొప్పవాడవుతాడు, పుచ్చుకున్నవాడు చేయి చాచినవాడవుతాడు. జకాత్‌ను తెలుగులోకి తెచ్చేటప్పుడు కొందరు 'విధిదానం' అనీ, కొందరు 'ధర్మపన్ను' అనీ అన్నారు. రెండూ నిండుగా కుదరవు. దివ్యఖుర్ఆన్ సూరా మఆరిజ్‌లో (70:24, 25) విశ్వాసుల సంపదలో అడిగేవానికీ, అడగలేక లేమిలో ఉన్నవానికీ ఉన్నదానిని 'హఖ్' అన్నది, అందునా 'తెలిసిన' హఖ్ అన్నది. హక్కు అనేది ఇచ్చేవాని గుణం కాదు, పొందేవాని ఆస్తి. షాఫియీ ఫిఖ్హ్‌లో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం, సంవత్సరం పూర్తయి జకాత్ విధి అయిన క్షణం నుండి ఆ ధనంలో పేదవాడు భాగస్వామి అవుతాడు. అతని వాటా ధనికుని పెట్టెలో ఉంటుందేగాని ధనికునిది కాదు. దానిని ఇవ్వడంలో ఔదార్యం ఏమీ లేదు.

హనఫీ ధర్మవేత్తలు మరో అడుగు ముందుకు వేశారు. జకాత్‌లో 'తమ్లీక్' షరతు. అంటే ఆ సొమ్ము పేదవాని చేతిలో పడి, అతని సొంతమై, అతని ఇష్టానుసారం ఖర్చు కావాలి. జకాత్ సొమ్ముతో మస్జిదు కట్టరాదు, వంతెన కట్టరాదు, శవానికి కఫన్ కొనరాదు. శవం సొంతదారు కాజాలదు కనుక. ఖుర్ఆన్‌లో ఇవ్వమని వచ్చిన 'ఈతా' అన్న మాటలోనే యాజమాన్యం అప్పగించడం ఉందని వారి వాదన. సూరా తౌబాలోని (9:60) ఎనిమిది పద్దులలో మొదటి నాలుగింటికి 'లామ్' అక్షరం, మిగతా నాలుగింటికి 'ఫీ' వాడబడిన సూక్ష్మాన్ని కూడా వ్యాఖ్యాతలు విస్తారంగా చర్చించారు. తెలుగు అనువాదాలలో ఈ తేడా సాధారణంగా మాసిపోతుంది.

కార్నెగీ సూత్రానికి ఇది సరిగ్గా తిరగబడిన సూత్రం. పేదవాని చేతికి ఇవ్వవద్దు, అతని కోసం కట్టు అని ఒకటి. అతని కోసం కట్టడం తరువాతి మాట, ముందు అతని చేతికి ఇవ్వు అని రెండవది. మొదటిది పేదవాని వివేకాన్ని శంకిస్తుంది. రెండవది ధనికుని వివేకానికి హద్దు గీస్తుంది. పేదవాని చేతిలో డబ్బు పడితే తాగి తగలేస్తాడన్న శంక ఎంతవరకు నిజమో తెలుసుకొనేందుకు ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పలు దేశాల్లోని నగదు పంపిణీ పథకాల అధ్యయనాలను సమీక్షించి 2014లో ప్రకటించిన ఫలితం ఇక్కడ చెప్పదగినది. మద్యం, పొగాకుల మీద ఖర్చు పెరిగినట్లు వారికి సాధారణంగా కనిపించలేదు. ఫుఖహాలకు ఈ లెక్కలు లేవు. కాని మనిషి మీద నమ్మకం ఉంది.

సిద్ధాంతం ఇలా ఉండగా, దానికి పరీక్ష మూడేళ్లలోనే వచ్చింది. పిట్స్‌బర్గ్ సమీపంలోని హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో 1892లో కూలి తగ్గింపుపై తగాదా మొదలైంది. కార్మికులకు సంఘం పెట్టుకొనే హక్కు ఉందని 1886లో కార్నెగీయే 'ఫోరమ్' పత్రికలో రాశాడు. ఇప్పుడు అతడు స్కాట్లండులో విశ్రాంతి తీసుకొంటూ, వ్యవహారమంతా తన భాగస్వామి హెన్రీ ఫ్రిక్‌కు వదిలిపెట్టాడు. జులై 6న నది మీదుగా పడవల్లో 300 మంది పింకర్టన్ సాయుధులను దింపడానికి ప్రయత్నించగా కాల్పులు జరిగి ఇరుపక్షాలలో కలిపి సుమారు పదిమంది ప్రాణాలు కోల్పోయారు. తరువాత రాష్ట్ర సైన్యం దిగింది. నవంబరు నాటికి సంఘం విరిగిపోయింది. పన్నెండు గంటల పనిదినం స్థిరపడింది. పగటి పాళీ, రాత్రి పాళీ మారే రోజున ఏకబిగిన ఇరవై నాలుగు గంటలు పని. 1898లో అదే ఊరి పక్కన కార్నెగీ ధనంతో గ్రంథాలయం వెలిసింది. సంగీత మందిరంతో, ఈతకొలనుతో అది చక్కని భవనం. పన్నెండు గంటలు కొలిమి దగ్గర నిలబడినవాడు ఏ వేళ వచ్చి ఏ పుస్తకం చదవాలో మాత్రం పథకంలో లేదు.

అలాగని కార్నెగీ లాభమంతా దోపిడీ సొమ్మని ఒక్క మాటలో తేల్చివేయడం ఫిఖ్హ్ పద్ధతి కాదు. కూలి ఒప్పందం ప్రకారం చెల్లించబడింది. ఒప్పుకున్న కూలి ఎగ్గొట్టినవానిపై ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని బుఖారీ హదీసు చెబుతుంది. కార్నెగీ కూలి ఎగ్గొట్టలేదు. ఫఖీహు ఇంతవరకే చూస్తే అతనిపై ఫత్వా లేదు. అయితే విమర్శకుడు అతని మాటతోనే అతనిని అడగవచ్చు. మిగులు ధనం సమాజానిదే, ధనికుడు ధర్మకర్త మాత్రమే అన్నది నిజమైతే, ఆ ధర్మకర్తృత్వం ఎప్పుడు మొదలైంది? ఇచ్చే రోజునా, గడించే రోజునా? ఇచ్చే రోజున మాత్రమే అయితే అది ధర్మకర్తృత్వం కాదు, ఇష్టం. గడించే రోజునుండే అయితే, హోమ్‌స్టెడ్‌లో కూలి తగ్గించే నిర్ణయం కూడా ధర్మకర్తగా చేసినదే కావాలి. వ్యాసం మొత్తం వెదికినా ఈ ప్రశ్నకు సమాధానం కనిపించదు. సూరా బఖరా (2:267) ఖర్చు పెట్టే ఆజ్ఞను సంపాదన యొక్క స్వచ్ఛతతో ఒకే వాక్యంలో ముడివేసింది. కార్నెగీ ఆ ముడి విప్పి రెండు వేర్వేరు జీవితాలుగా చేశాడు. సగం జీవితం గడించడానికి, సగం జీవితం ఇవ్వడానికి.

ఈ విభజనను గుర్తించి ఎనిమిది శతాబ్దాల ముందే రాసిన వారు ఇమామ్ అబూ హామిద్ గజాలీ (రహ్మ). ఆయన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో మూడవ భాగం చివరి అధ్యాయం ఆత్మవంచన గురించినది. పండితుల వంచన, ఆరాధకుల వంచన, సూఫీల వంచన చెప్పి చివర ధనికుల వంచనకు వస్తారు. మస్జిదులు, మదర్సాలు, సత్రాలు, వంతెనలు, నలుగురి కంటబడే ప్రతిదానినీ ఉత్సాహంగా కట్టించి, కాల్చిన ఇటుక మీద తమ పేర్లు రాయించుకొనే ఒక వర్గం గురించి ఆయన చెప్పిన మాటల సారం ఇది. వారు రెండు విధాలుగా మోసపోయారు. ఒకటి, ఆ ధనం అన్యాయంగా వచ్చినదైతే, వారు చేయవలసింది కట్టడం కాదు, సొంతదారుకు తిరిగి ఇవ్వడం. రెండు, తమ సంకల్పం నిర్మలమని వారు నమ్ముతారు. కాని పేరు రాయకుండా ఒక్క దీనారు ఖర్చు పెట్టమంటే వారికి ప్రాణం మీదికి వస్తుంది. ధనం ధర్మసమ్మతమైనదే అయినా, ఇరుగుపొరుగున పేదలుండగా మస్జిదు గోడల నగిషీలకు ఖర్చు పెట్టేవారిని ఆయన వేరుగా విమర్శించారు. పదేపదే హజ్‌కు వెళ్తూ పొరుగువాణ్ణి ఆకలితో వదిలేవారిని కూడా.

ఈ పుటలు చదివినవారికి గజాలీ దాతలందరినీ తిరస్కరించారని అనిపించవచ్చు. అది పొరపాటు. హలాల్, హరామ్ విషయమై ఆయన రాసిన అధ్యాయం దీనితో కలిపి చదవాలి. చేతిలో పడిన నిషిద్ధ ధనాన్ని ఏం చేయాలి? సొంతదారు తెలిస్తే అతనికి, చనిపోతే అతని వారసులకు ఇవ్వాలి. ఎవరో తెలియకపోతే పేదలకు ఇవ్వాలి. ప్రజాధనమైతే వంతెనలకు, మస్జిదులకు, బాటలకు ఖర్చు చేయాలి. అటువంటి సొమ్మును పారవేయాలేగాని పేదలకు ఇవ్వరాదన్న వారి అభిప్రాయాన్ని ఆయన స్వీకరించలేదు. కనుక భవనం నిలుస్తుంది, పేదవాడు అనుభవిస్తాడు, అది అతనికి హలాల్. కాని ఇచ్చినవానికి అది దానం కాదు, బాకీ తీర్చడం. బాకీ తీర్చినవాని పేరు శిలాఫలకం మీద చెక్కరు. హోమ్‌స్టెడ్ విషయంలో ఇంకొక మెలిక ఉంది. సొంతదారు ఎవరో తెలియని సందర్భం కాదది. ఎవరికి బాకీ ఉందని ఎవరైనా వాదించదలిస్తే, ఆ మనుషులు మిల్లు గేటు దగ్గరే ఉన్నారు. 1904లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ పట్టణంలో కార్మిక సంఘాలు పట్టుబట్టి, కార్నెగీ గ్రంథాలయం వద్దని ఓటు ద్వారా తిరస్కరించడానికి ఈ స్పృహే కారణం.

వారసత్వం విషయంలో కార్నెగీ మాటలు కొందరు ముస్లిం రచయితలకు ఆకర్షణీయంగా తోచాయి. ఇక్కడ తొందరపడరాదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి, తన ఆస్తి మొత్తం దానం చేయనా అని అడిగినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) మూడింట ఒకవంతుకు పరిమితం చేసి, అదీ ఎక్కువేనన్నారు. వారసులను జనం ముందు చేయిచాచేలా వదలడం కన్నా సంపన్నులుగా వదలడం మేలని చెప్పారు. హజ్రత్ అబూ తల్హా (రజి) తనకు అత్యంత ప్రియమైన బైరుహా తోటను సమర్పించినప్పుడు దానిని బంధువులకే పంచమని సలహా ఇచ్చారు. దూరాన ఉన్న మానవజాతికి మేలు చేయాలన్న తపనలో దగ్గరి హక్కులు మునిగిపోకుండా వేసిన గట్టు ఇది. బ్రిటిష్ న్యాయమూర్తులకు ఈ గట్టు అర్థం కాలేదు. కుటుంబానికి చేసిన వక్ఫ్ ధర్మకార్యం కాదని 1894లో ప్రివీ కౌన్సిల్ అబుల్ ఫతా కేసులో తీర్పు చెప్పగా, జిన్నా ప్రతిపాదించిన బిల్లు 1913లో చట్టమయ్యేవరకు ఆ చిక్కు తీరలేదు. అప్పులవారి నుండి ఆస్తి దాచుకొనేందుకు కుటుంబ వక్ఫ్‌ను వాడుకున్నవారు లేకపోలేదు. అది వేరే అధ్యాయం.

గడించే పద్ధతినీ ఇచ్చే పద్ధతినీ విడదీయక తప్పదా? తప్పదని కార్నెగీ భక్తులు అంటారు. కాని కార్నెగీ వ్యాసం వెలువడిన 1889లోనే జర్మనీలోని యేనా పట్టణంలో ఎర్నెస్ట్ ఆబె అనే భౌతికశాస్త్రవేత్త ఒక ధర్మసంస్థను స్థాపించాడు. జైస్ సూక్ష్మదర్శినుల కంపెనీలో తన వాటాను 1891లో దానికే అప్పగించాడు. అతని తండ్రి నూలుమిల్లులో రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు నిలబడి పనిచేసినవాడు. 1896 నాటి నిబంధనావళిలో కార్మికులకు జీతంతో సెలవు, పింఛను, లాభాలలో వాటా హక్కులుగా రాసిపెట్టాడు. 1900లో ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. సంస్థకు తన పేరు కాక, అంతకు ముందు సంవత్సరం మరణించిన భాగస్వామి కార్ల్ జైస్ పేరు పెట్టాడు. ఇద్దరూ నూలుతో బ్రతికిన ఇళ్ల బిడ్డలే. లోకానికి తెలిసినవాడు మాత్రం ఒక్కడే. భారతదేశంలో రంజాన్ ఇఫ్తార్ పళ్లెం పక్కన రూహ్ అఫ్జా షర్బత్ చూసే ప్రతివారికీ హమ్‌దర్ద్ దవాఖానా తెలుసు. హకీమ్ అబ్దుల్ హమీద్ 1948లో ఆ వ్యాపారాన్నే వక్ఫ్ చేశారు. ఖైబర్ భూమి విషయంలో హజ్రత్ ఉమర్ (రజి)కు లభించిన ఉపదేశం, మూలం కదలకూడదు, ఫలం పంచబడాలి అన్నది, ఒక యునానీ మందుల కర్మాగారానికి అన్వయించబడింది.

2010లో బిల్ గేట్స్, వారెన్ బఫెట్ మొదలుపెట్టిన దానప్రతిజ్ఞ కార్నెగీ వ్యాసానికి నేరు వారసురాలు. అది నైతిక వాగ్దానమేగాని చట్టబద్ధమైనది కాదు. భారతదేశం నుండి మొదట సంతకం చేసిన వ్యక్తి అజీమ్ ప్రేమ్‌జీ, 2013లో. 2019లో విప్రోలోని మరో 34 శాతం వాటాల ఫలాన్ని, అంటే 52,750 కోట్ల రూపాయల విలువను, తన ఫౌండేషనుకు కేటాయించగా మొత్తం సుమారు 1.45 లక్షల కోట్లకు చేరింది. వాగ్దానంతో ఆగక మూలాన్నే కట్టివేసిన ఈ పద్ధతి ప్రతిజ్ఞకన్నా వక్ఫ్‌కు దగ్గరగా ఉండడం గమనార్హం. గేట్స్ 2025లో తన ఫౌండేషను 2045 చివరికి మూసివేయబడుతుందని ప్రకటించారు. అంతవరకు ఏ దేశంలో ఏ రోగం మీద ముందుగా పోరాడాలో నిర్ణయించడంలో ఒక కుటుంబపు ధనం ప్రపంచ ఆరోగ్య సంస్థలోనే పెద్ద గొంతుగా ఉంటూ వచ్చింది. ఆ ధనం వల్ల ఎందరో పసిపిల్లలకు టీకాలు అందాయి, అది కాదనరానిది. ఓటు వేయని వ్యక్తికి ఆ గొంతు ఎలా వచ్చిందన్నది కూడా దాటవేయరానిది.

ఇంతా చెప్పి ముస్లిం సంస్థల గడప దాకా వచ్చి వెనుదిరగడం న్యాయం కాదు. మస్జిదు పంకా రెక్కల మీద సైతం దాతల పేర్లు రంగుతో రాయించే ఆచారం ఉంది. పంకా తిరిగేటప్పుడు అవి కనబడవు, కరెంటు పోయినప్పుడు కనబడతాయి! కుట్టుమిషన్లు పంచే సభలో పుచ్చుకొనే వితంతువును ఫొటో కోసం ముఖం ఇటు తిప్పమంటారు. దానాన్ని ఎత్తిపొడుపుతో, బాధించడంతో వ్యర్థం చేయవద్దన్న సూరా బఖరా (2:264) హెచ్చరిక ఆ వేదిక మీద తరచుగా పఠించబడుతూనే ఉంటుంది.

అంతకన్నా లోతైనది 'హీలా' సమస్య. జకాత్ సొమ్ముతో మదర్సా గోడ కట్టరాదు, ఉపాధ్యాయునికి జీతం ఇవ్వరాదు కనుక, ఆ సొమ్మును ముందు ఒక పేద విద్యార్థి చేతిలో పెట్టి, వెంటనే అతడు దానిని మదర్సాకు 'విరాళంగా' ఇచ్చినట్లు రాయించుకొనే పద్ధతి కొన్నిచోట్ల నడుస్తున్నది. ఆ విద్యార్థికి కాదనే స్వేచ్ఛ ఉందా? ఉంటే ఎంతమంది కాదన్నారు? తమ్లీక్ షరతు పేదవాని గౌరవం కోసం పెట్టబడింది. ఆ షరతు తీర్చడానికి పేదవాణ్ణే రెండు నిమిషాల గొట్టంగా వాడుకోవడం జరుగుతున్నది. పేదవాని సొమ్ము అతని మేలు కోసమే భవనంగా మారాలన్న కార్నెగీ తర్కం, అరబ్బీ పేరు పెట్టుకొని, వెనుక వాకిలి గుండా లోపలికి వచ్చింది. భవనాలకు, జీతాలకు వక్ఫ్ ఉంది, ఐచ్ఛిక సదఖా ఉంది. అవి చాలడం లేదంటే ధనికులు తమ సొంత సొమ్ములో నుండి ఇవ్వడం లేదని అర్థం. ఇస్తున్నది పేదవాని వాటాలో నుండి మాత్రమే.

ఇమామ్ గజాలీ స్వయంగా ఒక మహాదాత సంస్థలో పనిచేసినవారే. వజీర్ నిజాముల్‌ముల్క్ బాగ్దాదులో స్థాపించిన నిజామియా మదర్సాలో 1091 నుండి 1095 వరకు ప్రధానాచార్యులు. ఆ మదర్సాలు జీతభత్యాలతో మొదలైన కబురు విని మావరావున్నహ్ర్ పండితులు విద్యకు సంతాపసభ జరిపారని ఒక ఉల్లేఖనం ఉంది. విద్యను విద్య కోసం కోరేవారు పోయి జీతం కోసం కోరేవారు వస్తారని వారి దుఃఖం. గజాలీ ఆ పదవిని వదిలి, ఇబ్రాహీం (అలై) సమాధి వద్ద పాలకుల సొమ్ము ఇక తీసుకోనని ప్రతిజ్ఞ చేశారు. అయినా దాదాపు పదేళ్ల తరువాత నిజాముల్‌ముల్క్ కుమారుడు ఫఖ్రుల్‌ముల్క్ ఒత్తిడి మీద నీషాపూర్ నిజామియాలో మళ్లీ పాఠం చెప్పవలసి వచ్చింది. తాను తిరిగి వచ్చినట్లు కనిపించినా తిరిగి రాలేదని, పూర్వం పదవిని తెచ్చిపెట్టే విద్య నేర్పేవాడిననీ, ఇప్పుడు పదవిని విడిపించే విద్య నేర్పుతున్నాననీ ఆయన తన ఆత్మకథలో వివరణ ఇచ్చుకున్నారు. కొంతకాలానికి ఆ పీఠం కూడా వదిలి తూస్ చేరి, తన ఇంటి పక్కనే విద్యార్థులకొక మదర్సా, సూఫీలకొక ఖాన్‌ఖాహ్ నడుపుతూ 1111లో కన్నుమూశారు.